గ్రీన్ కార్డు ఉన్న తల్లిదండ్రులు 21 దాటిన కూతురికి ఐ-130 వేయడం: పాత తేదీ, పెళ్లి, ఎఫ్-1 సందేహాలు

కృష్ణాతీరం:

నమస్కారమండీ. మా అక్క అమెరికా సిటిజన్. 2005లో నాకోసం ఎఫ్4 (సిటిజన్లు తోబుట్టువులకు వేసే కేటగిరీ) కింద ఐ-130 (బంధువు కోసం వేసే ఇమిగ్రెంట్ పిటిషన్) వేసింది. ఆ కేసు మీద 2024 ఆగస్టులో నేను, మా ఆవిడ, మా అబ్బాయి గ్రీన్ కార్డుతో డల్లాస్ వచ్చాం. మా అమ్మాయికి అప్పటికే 26. ఐ-130 పెండింగ్‌లో ఉన్న కాలం వయసులోంచి తీసేసినా 21 లోపు రాలేదు, అందుకని ఆమెకు వీసా ఇవ్వలేదు. ఇప్పుడు 27 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్లి కాలేదు.

2005 నాటి ప్రయారిటీ డేటే (వరుసలో చోటు ఇచ్చే తేదీ) అమ్మాయికి వస్తుందని, దానికి వేరుగా ఫీజు అవుతుందని హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నిజమేనా? ఐ-130 నేను వెయ్యాలా, మా ఆవిడ వెయ్యాలా? సంబంధాలు కూడా చూస్తున్నాం. కేసు వేశాక పెళ్లి చేస్తే ఏమవుతుంది? పెళ్లి చేసేసి రిజిస్ట్రేషన్ మాత్రం ఆపుదాం, ఏం కాదు అని బంధువులు చెబుతున్నారు. అమ్మాయికి ఇక్కడ ఎంఎస్ చేయాలని ఉంది, వచ్చే ఫాల్‌కి అప్లై చేస్తోంది. ఐ-130 వేస్తే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) రాదంటున్నారు. నా జీతం ఏడాదికి 29,000 డాలర్లు, అది చాలుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ముంబయి ఫైలు:

కృష్ణాతీరం గారూ, ముందు ఆ కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. 2005 తేదీ అమ్మాయికి రాదు. పాత తేదీ నిలవాలంటే ఆ పిటిషన్ వేసిన మనిషికీ, వయసు దాటిన పిల్లకీ మధ్య వేరే కేటగిరీ ఒకటి ఉండాలి. మీ కేసులో పిటిషన్ వేసింది మేనత్త. మేనత్త మేనకోడలికి వేసే కేటగిరీ అమెరికా చట్టంలో లేదు, కాబట్టి ఆ పిటిషన్ మారడానికి చోటే లేదు. అమెరికా సుప్రీంకోర్టు 2014లో ఒసోరియో కేసులో దీన్ని తేల్చేసింది. తల్లో తండ్రో గ్రీన్ కార్డు మీద వేసిన ఎఫ్2ఎ (భార్యాభర్తలు, 21 లోపు పిల్లల కేటగిరీ) పిటిషన్‌లో పిల్లలకు 21 దాటితేనే అది తనంతట ఎఫ్2బి అయి పాత తేదీ నిలుస్తుంది. ఈ రెండూ కలిపేసి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీకున్న దారి కొత్త ఐ-130. 21 దాటిన, పెళ్లి కాని పిల్లలకు గ్రీన్ కార్డు ఉన్నవారు వేసే కేటగిరీ ఎఫ్2బి. యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) ఫారం చేరిన రోజే ప్రయారిటీ డేట్. ఆమోదం ఎప్పుడొస్తుందన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు, వరుసలో నిలబెట్టేది ఫారం చేరిన రోజే. గ్రీన్ కార్డు వచ్చిన మర్నాడే వేసి ఉంటే ఇన్ని నెలలు పోయేవి కావు. పోయినవి ఎలాగూ రావు, ఇంకో నెల పోనివ్వకండి.

ఎన్నేళ్లు పడుతుందంటే, గ్రీన్ కార్డు ఉన్నవారి భార్యాభర్తలు, పిల్లలు అందరికీ కలిపి ఏడాదికి 114,200 వీసాలు. అందులో ఎఫ్2బి వాటా 23 శాతం, అంటే ప్రపంచం మొత్తానికి 26 వేల చిల్లర. అందుకే 2025 వీసా బులెటిన్లలో (నెలనెలా వచ్చే వరుస తేదీల పట్టిక) ఎఫ్2బి ఫైనల్ యాక్షన్ తేదీ (వీసా ఇచ్చే దశకు చేరిన తేదీ) 2016 ప్రాంతంలో నడిచింది, దాదాపు 9 ఏళ్ల వెనక. ఈ కేటగిరీలో ఇండియాకి వేరే వరుస లేదు, మెక్సికో, ఫిలిప్పీన్స్‌కే వేరు. ఇప్పుడు 9 ఏళ్లు ఉంది కాబట్టి ఈరోజు వేసినవాళ్లకూ సరిగ్గా 9 ఏళ్లే అని మాత్రం అనుకోకండి. తేదీ కొన్ని నెలలు కదలకుండా ఉంటుంది, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది.

ఎవరు వెయ్యాలి అని అడిగారు. ఇద్దరూ వేయండి, రెండు వేర్వేరు ఐ-130లు. ఆన్‌లైన్‌లో ఒక్కోటి 625 డాలర్లు, కాగితం మీద 675. పిటిషన్ వేసినవారు చనిపోతే ఆ పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. అప్పటికే ఆమోదమై ఉంటే మానవతా కారణాల మీద తిరిగి బతికించమని అడగొచ్చు, కానీ అది అధికారి ఇష్టం, హక్కు కాదు. చనిపోయిన నాటికి అమెరికాలోనే నివసిస్తున్నవారికి చట్టంలో కొంత రక్షణ ఉంది, ఇండియాలో ఉన్న అమ్మాయికి ఆ రక్షణ అందదు. తొమ్మిదేళ్ల కేసులో ఇద్దరు తల్లిదండ్రుల పేర రెండు తేదీలు ఉండటం ఆ 625 డాలర్లకు తగిన భద్రత. ఇంకో లాభం కూడా ఉంది, అది సిటిజన్‌షిప్ మాట వచ్చినప్పుడు తెలుస్తుంది.

కాగితాల్లో తల్లి పిటిషన్ తేలిక. తల్లికి గ్రీన్ కార్డు రెండు వైపులా కాపీ, తల్లి పేరున్న అమ్మాయి జనన ధ్రువపత్రం చాలు. తండ్రి వేస్తే వీటితోపాటు మీ పెళ్లి సర్టిఫికెట్ కావాలి, ఇద్దరిలో ఎవరికైనా ముందు పెళ్లి జరిగి ఉంటే అది ముగిసినట్టు రుజువు కూడా. మీ ఎఫ్4 కేసులో ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్టే ఇక్కడా పనికొస్తుంది.

మన కేసులు ఆగేది ఎక్కువగా పేర్ల దగ్గర. జనన ధ్రువపత్రంలో అమ్మాయి పేరే ఉండదు, ఆడ శిశువు అని రాసి వదిలేస్తారు. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు చేర్పించి కొత్తది తీసుకోండి. తల్లి ఇంటిపేరు ధ్రువపత్రంలో పుట్టింటిది, పాస్‌పోర్టులో అత్తింటిది ఉంటే ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్, పక్కన పెళ్లి సర్టిఫికెట్ పెట్టండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరు, పేరు రెండూ గివెన్ నేమ్‌లోనే ఉంటే ఇప్పుడే పాస్‌పోర్టు మార్పించండి. ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, తర్వాత సోషల్ సెక్యూరిటీ నుంచి డ్రైవింగ్ లైసెన్సు వరకు అదే వెంటపడుతుంది. జననం అసలు నమోదే కాకపోతే ఆర్డీవో ఉత్తర్వు మీద ఆలస్య నమోదు చేయించుకోవచ్చు. ఇప్పుడు చేయించినదాన్ని ఒక్కదాన్నే పంపిస్తే మాత్రం ఇంకా రుజువులు అడుగుతారు. పదో తరగతి సర్టిఫికెట్, టీకాల కార్డు, బడి రికార్డు లాంటి పాతకాలపు కాగితాలు జతచేయాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం కావాలి, కింద అనువాదకుడు తనకు రెండు భాషలూ వచ్చని, అనువాదం సరైనదని సంతకం చేయాలి. నోటరీ అక్కర్లేదు.

ఇంకొకటి చూసుకోండి. మీ ఎఫ్4 డీఎస్-260లో (ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు) పిల్లలందరి పేర్లూ అడిగారు. అందులో అమ్మాయి పేరు, పుట్టిన తేదీ ఎలా రాశారో ఐ-130లోనూ అలాగే ఉండాలి. అక్కడ పేరు వదిలేసి ఉంటే మాత్రం ఇప్పుడు ఫైల్ చేసేముందు లాయర్‌కి చూపించండి, ఎందుకంటే మీకు ఆమె కూతురేనా అన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది.

కాగితం మీద పంపేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, 2025 అక్టోబర్ 28 తర్వాత యూఎస్‌సీఐఎస్ చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. కార్డుతో కడితే జి-1450 ఫారం, బ్యాంకు ఖాతా నుంచి కడితే జి-1650 ఫారం జతచేయాలి. చెక్కు పెట్టి పంపిన కవర్ తిరిగొస్తే ప్రయారిటీ డేట్ కూడా దాంతోపాటే పోతుంది. అందుకే ఆన్‌లైన్ మేలు.

ఎడిసన్ అక్క:

పెళ్లి సంగతి నేను చెబుతానండీ, ఈ కేటగిరీలో కేసులు చచ్చిపోయేది ఎక్కువగా అక్కడే.

గ్రీన్ కార్డు ఉన్నవారు పెళ్లయిన పిల్లలకు వేసే కేటగిరీయే లేదు. ఎఫ్2బి నడుస్తుండగా, మీరు ఇంకా సిటిజన్ కాకముందే అమ్మాయి పెళ్లి చేసుకుంటే ఆ పిటిషన్ ఆ రోజుతో రద్దవుతుంది. నోటీసు వచ్చిందా లేదా అన్నదానితో సంబంధం లేదు, చట్టం దానంతట అదే రద్దు చేస్తుంది. తర్వాత విడాకులైనా పాత పిటిషన్ లేవదు, తేదీ తిరిగి రాదు. మళ్లీ మొదటినుంచి వెయ్యాలి.

అదే మీరు సిటిజన్ అయి ప్రమాణం చేసిన తర్వాత పెళ్లయితే కథ వేరు. ప్రమాణం రోజున ఎఫ్2బి తనంతట ఎఫ్1 (సిటిజన్ల పెళ్లి కాని, 21 దాటిన పిల్లల కేటగిరీ, స్టూడెంట్ వీసా ఎఫ్-1 కాదు) అవుతుంది. ఆ తర్వాత పెళ్లి చేసుకుంటే ఎఫ్3 (సిటిజన్ల పెళ్లయిన పిల్లల కేటగిరీ) అవుతుంది. మొదట వేసిన తేదీ అలాగే ఉంటుంది, భర్త, పిల్లలు కూడా ఆ కేసులోనే వస్తారు. వెల ఏమిటంటే వరుస పొడవు. 2025లో ఎఫ్3 తేదీ 2011 ప్రాంతంలో ఉంది, అంటే 14 ఏళ్ల వెనక. అంటే అంతా ఒక్క తేదీ మీద తిరుగుతోంది. ప్రమాణానికి ఒక రోజు ముందు మూడు ముళ్లు పడితే ఏమీ మిగలదు, ఒక రోజు తర్వాత పడితే తేదీ నిలుస్తుంది.

మీరు 2024 ఆగస్టులో వచ్చారు. ఐదేళ్లు 2029 ఆగస్టుకు. 90 రోజుల ముందు, అంటే 2029 మేలో ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు) వేయొచ్చు. ప్రమాణం దాని తర్వాత కొన్ని నెలలకు. అప్పటికి అమ్మాయికి 31.

ఇక రిజిస్ట్రేషన్ ఆపుదాం అన్న సలహా. దయచేసి వినకండి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 7 ప్రకారం ఆచారం చొప్పున తంతు జరిగితే పెళ్లి జరిగినట్టే, సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో పూర్తవుతుంది. రిజిస్ట్రేషన్ రుజువు మాత్రమే, అది లేనంత మాత్రాన పెళ్లి కాకుండా పోదు. అమెరికా కాన్సులేట్ చూసేది పెళ్లి జరిగిన చోటి చట్టం. ఇంటర్వ్యూలో పెళ్లి కాలేదని చెబితే అది అబద్ధపు వాంగ్మూలం, దానికి జీవితాంతం ప్రవేశ నిషేధం ఉంది. శుభలేఖ, ఫోటోలు, ఆధార్‌లో మారిన ఇంటిపేరు, బీమా పాలసీలో నామినీగా భర్త పేరు, ఏదో ఒకటి బయటపడుతుంది. అప్పుడు పడకపోయినా, అమ్మాయి గ్రీన్ కార్డుతో వచ్చి భర్తకు ఐ-130 వేసిన రోజు పెళ్లి తేదీ రాయాల్సిందేగా. ఆమె గ్రీన్ కార్డే పోయే ప్రమాదం అక్కడ మొదలవుతుంది. నిశ్చితార్థం వరకు ఇబ్బంది లేదు, అది పెళ్లి కాదు. మంగళసూత్రం పడ్డాక మాత్రం పెళ్లి కాలేదని చెప్పడానికి లేదు.

ఇంకో చిన్న గడువు చాలామందికి తెలియదు. వీసా స్టాంపు పడ్డాక, విమానం ఎక్కేముందు ఇంట్లో పెళ్లి చేసేసి పంపిస్తారు. ఎయిర్‌పోర్టులో అడుగుపెట్టే క్షణానికి కూడా అమ్మాయి అవివాహితగానే ఉండాలి, లేకపోతే ఆ వీసా చెల్లదు. అమెరికా వచ్చి గ్రీన్ కార్డు హోదా మొదలయ్యాక ఇండియా వెళ్లి పెళ్లి చేసుకుని భర్తకు ఎఫ్2ఎ వేస్తే ఏ తప్పూ లేదు.

విడాకులైన పిల్లలు కూడా ఈ చట్టానికి అవివాహితులే. ఇది చదివే ఎవరికైనా ఆ పరిస్థితి ఉంటే కోర్టు డిక్రీ చేతికి వచ్చాకే వేయండి. పెద్దమనుషుల ఎదుట రాసుకున్న విడాకుల కాగితం మీద నమ్మకం పెట్టుకోకండి. ఆమెకు 21 లోపు పిల్లలుంటే వాళ్లూ ఆ కేసులోనే వస్తారు.

నాకు గట్టిగా అనిపించేది ఒకటి చెప్పాలి. తొమ్మిదేళ్ల వరుసలో నిలబడేది అమ్మాయి. 27 నుంచి 36 వరకు పెళ్లి ఆపుకోవాలా, లేక 2029 దాకా ఆగి ఎఫ్3లో పద్నాలుగేళ్ల దారి పట్టాలా, లేక ఇవన్నీ వదిలి తన బతుకు తాను చూసుకోవాలా, ఆ నిర్ణయం ఆమెది. ఈ తేదీలన్నీ ఆమె ముందు పెట్టండి. సంబంధం చూసే ముందు ఆ అబ్బాయి ఇంటివాళ్లకు కూడా చెప్పండి. ఐ-130 మాత్రం ఇవాళే వేయండి, వేసినందువల్ల ఆమె పెళ్లి చేసుకోకూడదని ఏమీ లేదు, చేసుకుంటే పోయేది ఫీజు మాత్రమే.

వరంగల్ టు ఆస్టిన్:

ఎఫ్-1 విషయంలో కొంచెం ఆగి ఆలోచించాలి. డీఎస్-160లో (స్టూడెంట్ లాంటి తాత్కాలిక వీసాల దరఖాస్తు) ఒక ప్రశ్న ఉంటుంది, మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని. ఐ-130 వేసిన రోజు నుంచి దానికి జవాబు అవును. అబద్ధం చెప్పే మాటే లేదు, యూఎస్‌సీఐఎస్ రికార్డు కాన్సులేట్‌కి కనిపిస్తుంది. తండ్రి, తల్లి, తమ్ముడు ముగ్గురూ డల్లాస్‌లో, పైగా పిటిషన్ కూడా ఉందంటే, చదువు అయ్యాక తిరిగి వస్తుందని అధికారిని నమ్మించడం కష్టం. 214(బి) (తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదనే సెక్షన్) కింద తిరస్కరించడం సులువు. పిటిషన్ ఉంటే ఎఫ్-1 చట్టం ప్రకారం నిషేధం అని కాదు, కష్టం అని.

అందుకే ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) చేతికి వచ్చేలా ఉంటే ముందు వీసా ఇంటర్వ్యూ పూర్తి చేయించి, ఆ వెంటనే ఐ-130 వేయడం ఒక పద్ధతి. తొమ్మిదేళ్లలో నాలుగైదు నెలలు పోతాయి, చదువు నిలుస్తుంది. తర్వాత స్టాంపింగ్‌కి మళ్లీ వెళ్తే అప్పుడు అవును అని రాయాల్సిందే, కాబట్టి చదువు మధ్యలో వీసా గడువు అయిపోయేలా ప్రయాణాలు పెట్టుకోకూడదు.

వచ్చాక గుర్తుంచుకోవాల్సింది, ఐ-130 పెండింగ్‌లో ఉంటే ఇక్కడ ఉండే హక్కు రాదు, పని చేసే అనుమతీ రాదు. స్టేటస్ తనదే నిలబెట్టుకోవాలి, ఎఫ్-1, ఓపీటీ (చదువు అయ్యాక పని అనుమతి), తర్వాత హెచ్-1బి (ఉద్యోగ వీసా). హెచ్-1బి, ఎల్-1లకు (కంపెనీ బదిలీ వీసా) ఈ పిటిషన్ అడ్డు కాదు, వాటిలో స్థిరపడే ఉద్దేశం ఉండొచ్చు. తేదీ వచ్చేనాటికి ఇక్కడే సక్రమ స్టేటస్‌లో ఉంటే ముంబయి కాన్సులేట్‌కి వెళ్లకుండా ఐ-485 (అమెరికాలో ఉండే వేసే గ్రీన్ కార్డు దరఖాస్తు) వేయొచ్చు, ఇప్పుడు ఫీజు 1,440 డాలర్లు. ఉద్యోగం మీద గ్రీన్ కార్డు వేసేవాళ్లకు స్టేటస్‌లో 180 రోజుల లోపు తప్పులకు మినహాయింపు ఉంది, కుటుంబ కేటగిరీలకు ఆ మినహాయింపు లేదు. ఇది చాలామంది కలగలిపేస్తారు.

హెచ్-1బి మీద ఇక్కడ ఉన్న పెళ్లి కాని పిల్లలు కూడా అమ్మానాన్నల చేత ఎఫ్2బి వేయించుకోవడం మంచిదే. 2025లో ఇండియా ఈబీ-2 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డు కేటగిరీ) తేదీ 2013 దగ్గర ఉంది, ఎఫ్2బి 2016. రెండూ వేర్వేరుగా నడుస్తాయి, ఒకదాని తేదీ ఇంకోదానికి రాదు.

ముంబయి ఫైలు:

వరంగల్ గారూ, మీరు చెప్పిన వరుస అందరికీ సరిపోదు. ఈ అమ్మాయి కేసులో తల్లి, తండ్రి, తమ్ముడు గ్రీన్ కార్డుతో ఉన్నారన్నది డీఎస్-160లోనే అమెరికాలో ఉన్న బంధువుల గడిలో రాయాలి. ఐ-130 లేకపోయినా తిరస్కరణకు కారణం అక్కడే ఉంది. అడ్మిషన్ ఖాయమై, ఇంటర్వ్యూ రెండు మూడు నెలల్లో ఉంటే మీ దారి సరే. ఇంకా అప్లికేషన్ల దశలోనే ఉంటే రాని వీసా కోసం తేదీ పోగొట్టుకోవడం నష్టమే. కృష్ణాతీరం గారు ఒక గడువు పెట్టుకోవాలి. ఇంటర్వ్యూ ఫలానా తేదీలోపు జరగకపోతే ఆ మర్నాడు ఐ-130 వెళ్లిపోవాలి.

పాతబస్తీ:

ఇదే చర్చలో నా ప్రశ్న అడగొచ్చా? మాకు గ్రీన్ కార్డు వచ్చింది, అబ్బాయి ఇండియాలో ఉన్నాడు, వయసు 20 ఏళ్ల 7 నెలలు, పెళ్లి కాలేదు. ఇప్పుడు వేస్తే ఎఫ్2ఎ కిందికి వస్తాడా, ఎఫ్2బినా?

ముంబయి ఫైలు:

వేసిన రోజున 21 లోపు ఉన్నాడు కాబట్టి ఎఫ్2ఎగా మొదలవుతుంది. చివరికి ఏది అవుతుందో లెక్క ఇలా. వీసా అందుబాటులోకి వచ్చిన రోజు వయసులోంచి ఐ-130 పెండింగ్‌లో ఉన్న కాలం తీసేయాలి. అందుబాటు అంటే రెండింటిలో ఏది ఆలస్యమైతే అది, తేదీ కరెంట్ కావడం (బులెటిన్ తేదీ మీ తేదీ దాకా రావడం) లేదా ఐ-130 ఆమోదం. దీన్నే తేలిక చేసి చెబితే, ఫైల్ చేసిన నాటి వయసుకి ఆమోదం తర్వాత తేదీ కరెంట్ కావడానికి పట్టిన నెలలు కలపండి. అది 21 లోపు ఉండాలి.

మీ అబ్బాయికి మిగిలింది 5 నెలలు. ఐ-130 ఆమోదమయ్యాక 5 నెలల లోపు తేదీ వస్తే ఎఫ్2ఎ. ఆమోదం కంటే ముందే తేదీ వచ్చేస్తే వయసు ఫైల్ చేసిన రోజుదే, 20 ఏళ్ల 7 నెలల దగ్గర ఆగుతుంది. ఆమోదం తొందరగా వచ్చి, తేదీకోసం ఏడాది ఆగాల్సి వస్తే వయసు దాటిపోతుంది. అందుకని ఈ కేసులో ఆమోదం ఆలస్యమైతే మీకే మేలు, ఎక్స్‌పెడైట్ (త్వరగా తేల్చమని) అడగకండి. ఎఫ్2ఎ తేదీ 2025 చివరిలో రెండేళ్లకు దగ్గరగా వెనక ఉంది. వయసు దాటితే వరుస పొడవవుతుంది కానీ కేసు పోదు, తనంతట ఎఫ్2బి అవుతుంది, ఇవాళ్టి తేదీతోనే.

కాన్సులేట్ ఈ లెక్కకు చూసేది ఫైనల్ యాక్షన్ చార్టు. యూఎస్‌సీఐఎస్ 2023 ఫిబ్రవరి నుంచి డేట్స్ ఫర్ ఫైలింగ్ చార్టు (కాగితాలు ముందే వేసుకోనిచ్చే తేదీల పట్టిక) వాడింది, 2025 ఆగస్టు 15 నుంచి మళ్లీ ఫైనల్ యాక్షన్‌కే వచ్చింది. పాత వ్యాసాలు చదివి లెక్క వేయకండి. వీసా అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి ఏడాది లోపు అడుగు వేయాలి, డీఎస్-260 సమర్పించడమో వీసా ఫీజు కట్టడమో చేయాలి. లెక్కలో 21 లోపు వచ్చినా ఆ ఏడాది నిద్రపోతే రక్షణ పోతుంది.

పిల్లవాడికి అసలు వయసు 21 నిండకముందే మీలో ఒకరు సిటిజన్ అయ్యే అవకాశం ఉంటే వరుసే అక్కర్లేదు, ప్రమాణం రోజున వయసు ఆగిపోయి ఇమీడియట్ రిలేటివ్ అవుతాడు. మీకు 5 నెలల్లో అది కుదరదు, చిన్నపిల్లలున్న ఇంకెవరికైనా పనికొస్తుందని రాశాను.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరం ఆన్‌లైన్‌లో వేస్తాం. సంబంధాల కోసం నేను, మా ఆవిడ ఈసారి ఇండియాలో ఎనిమిది తొమ్మిది నెలలు ఉందామనుకుంటున్నాం. సిటిజన్‌షిప్‌కి ఏమైనా ఇబ్బందా? జీతం సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

ఎడిసన్ అక్క:

ఎనిమిది నెలలు ఉండకండి. ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటితే ఐదేళ్ల నిరంతర నివాసం తెగినట్టు భావిస్తారు. తెగలేదని మీరే రుజువు చూపాలి, ఇక్కడి అద్దె, ఉద్యోగం, పన్నులు లాంటివి. ఏడాది దాటితే ఆ రుజువుకీ చోటులేదు. ఐదేళ్లలో మొత్తం 30 నెలలు ఒంటితో అమెరికాలో ఉండాలన్నది వేరే లెక్క. మీ కేసులో 2029 తేదీ వెనక్కి జరిగితే అమ్మాయి పెళ్లి తేదీ కూడా వెనక్కి జరుగుతుంది, కాబట్టి ఇద్దరూ విడతలుగా, ఒక్కొక్కరు ఐదు నెలలకు మించకుండా వెళ్లిరండి.

ఇద్దరూ వేయమన్నదానికి ముంబయి ఫైలు గారు చెప్పబోయిన రెండో లాభం ఇదే. ఐదేళ్ల తర్వాత ఒకరు ముందు సిటిజన్ అయితే ఆ పిటిషన్ ఎఫ్1, రెండోది ఎఫ్2బి. ఏ వరుస ముందుంటే దాంట్లో వస్తుంది. ఒకే పిటిషన్ ఉన్నా ఎఫ్1 ఆలస్యమైతే ఎఫ్2బిలోనే ఉంటామని రాతపూర్వకంగా కోరే వీలు ఉంది. ప్రమాణం అయ్యాక సర్టిఫికెట్ కాపీ యూఎస్‌సీఐఎస్‌కి, కేసు అప్పటికి ఎన్‌వీసీలో (నేషనల్ వీసా సెంటర్) ఉంటే వాళ్లకీ పంపాలి. వాళ్లంతట వాళ్లు మార్చేస్తారని కూర్చోకండి.

పరీక్షకి ఇప్పటినుంచే తయారవ్వండి. 2025 అక్టోబర్ 20 తర్వాత ఎన్-400 వేసేవారికి 128 ప్రశ్నల పరీక్ష, 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. ఇంగ్లిష్ మినహాయింపు 55 ఏళ్లు దాటి 15 ఏళ్లు గ్రీన్ కార్డు ఉన్నవారికి, లేదా 50 దాటి 20 ఏళ్లు ఉన్నవారికి. మీరు కొత్తగా వచ్చారు, ఇద్దరికీ వర్తించదు. మీ ఆవిడకు ఇంగ్లిష్ తక్కువైతే లైబ్రరీల్లో జరిగే ఉచిత తరగతులకు ఈ ఏడాదే పంపండి. నాలుగో ఏడు వచ్చాక మొదలుపెడితే చాలదు.

ముంబయి ఫైలు:

జీతం ఐ-130 వేసేటప్పుడు ఎవరూ అడగరు. ఎన్‌వీసీ దశలో, అంటే తేదీ దగ్గరపడ్డాక ఐ-864 (ఆర్థిక హామీ పత్రం) వేస్తారు, అప్పటి పట్టిక చూస్తారు. 2025 పట్టిక ప్రకారం పేదరిక రేఖకి 125 శాతం అంటే నలుగురికి 40,187 డాలర్లు, ముగ్గురికి 33,312, ఇద్దరికి 26,437. మీరు, మీ ఆవిడ, మీ మీద ఆధారపడిన అబ్బాయి, వచ్చే అమ్మాయి, నలుగురు. ఇవాళ్టి లెక్కకు 29,000 చాలదు. అప్పటికి అబ్బాయి 21 దాటి, మీ పన్నుల్లో ఆధారపడినవాడిగా లేకపోతే ముగ్గురు అవుతారు. మీ ఆవిడ సంపాదన ఐ-864ఎ ఫారం మీద కలపొచ్చు. ఆస్తులు చూపిస్తే తక్కువ పడ్డ మొత్తానికి ఐదు రెట్లు ఉండాలి, ఇండియాలో పొలమైతే ఏడాదిలో డబ్బుగా మార్చగలమని, ఆ డబ్బు ఇక్కడికి తేగలమని చూపాలి. అది ఎప్పుడూ తలనొప్పే.

మీ అక్కగారు జాయింట్ స్పాన్సర్‌గా (మీతోపాటు హామీ ఇచ్చేవారు) రావొచ్చు. కానీ ఆమె మీ ముగ్గురికీ ఎఫ్4లో ఐ-864 సంతకం చేసి ఉంటారు. ఆ బాధ్యత మీరు సిటిజన్ అయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని పూర్తయ్యేదాకా ఆమె మీద ఉంటుంది, ఆమె ఇంటి సంఖ్యలో మీరు ముగ్గురూ లెక్కకొస్తారు. ఆమె ఇంట్లో ఇద్దరే అయినా ఫారంలో మీరు ముగ్గురు, అమ్మాయి కలిసి ఆరుగురు అవుతారు. మీరు సిటిజన్ అయితే ఆ సంఖ్య తగ్గుతుంది.

ఎన్‌వీసీ ఫీజులు వీసాకి మనిషికి 325, ఐ-864కి కేసుకి 120 డాలర్లు. వీసా వచ్చాక గ్రీన్ కార్డు ముద్రణకి యూఎస్‌సీఐఎస్‌కి 235. ఇంటర్వ్యూ ముంబయిలో, పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా నుంచి. ఇవన్నీ అప్పటికి మారొచ్చు, ఇప్పుడు వాటిమీద బుర్ర పాడుచేసుకోకండి. ఇప్పుడు చేయాల్సింది ఇల్లు మారిన ప్రతిసారీ 10 రోజుల్లో ఏఆర్-11 మీద కొత్త చిరునామా ఇవ్వడం, ఐ-130లోని అమ్మాయి ఈమెయిల్, ఫోన్ పనిచేసేవిగా ఉంచడం. ఉద్యోగం మారితే పోయే కంపెనీ ఈమెయిల్ రాయకండి. తేదీ వచ్చాక ఎన్‌వీసీ పంపే నోటీసుకి ఏడాదిపాటు జవాబు లేకపోతే కేసు మూసేస్తారు, తొమ్మిదేళ్ల కిందటి ఈమెయిల్‌కి వెళ్లిన నోటీసు వల్ల అలా మూతపడే కేసులు ఉన్నాయి. రెండు ఐ-797 రసీదుల కాపీలు అమ్మాయి దగ్గర, అబ్బాయి దగ్గర కూడా ఉంచండి.